మెత్తటి గుడ్డలు

జూన్ 4

ఈ రోజు నుంచి మా ఆవిడ మళ్లీ డ్యూటీకి వెళ్తోంది. అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో పని. అవతల ఎవరో ఏడుస్తూ ఫోన్ చేస్తే, ఊపిరి ఆడుతోందా, రక్తం ఎక్కణ్నుంచి వస్తోంది, అడ్రస్ చెప్పండి అని నెమ్మదిగా అడిగే ఉద్యోగం. ఆవిడ సెలవు అయిపోయింది. నాది సెలవు కాదు. మిల్లు మూసేశారు.

మిల్లులో నేను ఫినిషింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ని. ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ. నేత అయి, రంగు పడ్డాక, దానికి ఆఖరి మెరుగు పెట్టి బయటికి పంపేది మేమే.

పిడుగుని ఎవరు చూసుకోవాలన్న దానికి రెండు దారులున్నాయి. ఒకటి నేను. రెండోది మా అత్తగారు. రిటైరైన లెక్కల టీచరు. పక్క ఊళ్లో ఒక్కరే ఉంటారు, రైలు ఎక్కితే గంటలో దిగొచ్చు. పాపను నా దగ్గర వదిలేయండి, అల్లుడుగారు నిశ్చింతగా ఉద్యోగం వెతుక్కుంటారు అని ఫోన్‌లో అన్నారు. వద్దమ్మా, ఆయన చూసుకుంటారు అంది మా ఆవిడ. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, చూసుకుంటావు కదా అంది. తేడా వస్తే మాత్రం అమ్మ దగ్గరికి పంపేద్దాం, నేను అక్కడ కూర్చుని ఊళ్లో వాళ్ల ప్రాణాల గురించి అడుగుతూ ఇంట్లో ఏమవుతోందోనని భయపడలేను అంది.

తేడా రాదు అన్నాను.

పిడుగు అంటే నా కూతురు. ఐదో నెల. పేరు వేరే ఉంది. ఎవరూ పిలవరు.

జూన్ 6, ఉదయం 11

క్లాత్ డైపర్లు వాడదామన్నది నేనే. గుడ్డ నాకు తెలిసిన వస్తువు. పైన బటన్లున్న కవరు, లోపల కాటన్ ప్యాడ్. తడిని ప్యాడ్ పీల్చుకుంటుంది. తడవగానే అది తీసి బకెట్లో వేయాలి, పొడిది పెట్టాలి. చెప్పడానికి ఇంతే.

చేయడానికి ఇంతే కాదు. దొడ్డికి పోతే ముందు ప్యాడ్‌ని కొళాయి కింద పట్టి అది పోనివ్వాలి. తర్వాత చల్లనీళ్లు, సబ్బు, వేడినీళ్లు, జాడింపు. అది అయ్యేలోపు పిడుగు ఇంకోటి సిద్ధం చేస్తుంది.

పైవాటా ఆవిడ మెట్లు దిగుతూ ఆగింది. మగవాళ్లు ఇవి ఉతకడం ఇప్పుడే చూస్తున్నానండోయ్ అంది. మిల్లులో వేల మీటర్లు ఉతికించానండి అన్నాను. ఆ మీటర్లు ఇలా కంపు కొట్టవుగా అని వెళ్లిపోయింది.

జూన్ 9

ఒకటే ముసురు. ప్యాడ్లు వరండాలో ఫ్యాన్ కింద ఆరేస్తున్నాను. మా కొళాయి నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆరాక ఒక్కోటీ అట్టముక్క అవుతోంది. నిలబెడితే నిలబడుతోంది. పిడుగు లేత తొడలు చూశాక దాన్ని కట్టబుద్ధి కాలేదు.

మంచం కింద క్యాను గుర్తొచ్చింది. మిల్లు మూసిన రోజు మేనేజరు, ఎవరికి కావలసింది వాళ్లు పట్టుకెళ్లండి, రేపట్నుంచి తాళం మనది కాదు అన్నాడు. ఒకడు కుర్చీ తీసుకున్నాడు. ఒకడు గోడ గడియారం. నేను సాఫ్ట్‌నర్ క్యాను తెచ్చుకున్నాను. గుడ్డకు మెత్తదనం ఇచ్చే మందు. మా సెక్షన్ ప్రాణం అదే. కొనేవాడు గుడ్డని కంటితో చూడడు. ముందు వేళ్ల మధ్య నలుపుతాడు. బేరం అక్కడే తెగుతుంది. దాన్ని మేం హ్యాండ్ ఫీల్ అంటాం.

ఆఖరి జాడింపు నీళ్లలో కాస్త కలిపాను.

జూన్ 10

వెన్నముద్దలు.

మా ఆవిడ ఒక ప్యాడ్ తీసి చెంపకు ఆనించుకుంది. ఏం చేశావు దీన్ని అంది. మిల్లు రహస్యం అన్నాను. అది చెంప మీదే పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంది. నా పనిని ఎవరైనా ముట్టుకుని బాగుందనడం మిల్లు మూశాక ఇదే మొదలు.

జూన్ 13

వాన. ఏదీ ఆరలేదు. ఉద్యోగానికి అడిగిన చోట్లలో ఎక్కడి నుంచీ ఫోన్ రాలేదు. తడి ప్యాడ్లు పట్టుకుని గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి.

జూన్ 15

అత్తగారు దిగారు. నాలుగు రోజులు ఉండి పోతానన్నారు. సూట్‌కేసు చూస్తే అలా లేదు.

ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనరు. అల్లుడుగారూ, మీరూ అంటూనే తగలాల్సిన చోట తగిలిస్తారు. వంటింట్లోకి వెళ్లి, అల్లుడుగారు పాలసీసాలు ఎంత బాగా తోమారో, నిన్నటి పాలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి అన్నారు. మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి బాత్రూంలోకి వెళ్లింది.

తీగ మీది ప్యాడ్ల దగ్గర మాత్రం ఆగిపోయారు. ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపారు. అచ్చం మా కొనుగోలుదారుల లాగే. అమ్మాయికి నా పాత చీరలు చింపి కట్టాను, ఏ చీరా ఇంత మెత్తగా లేదు అన్నారు. ఉద్యోగం పోయినా చెయ్యి పోలేదు అల్లుడుగారూ అన్నారు. ఇది పొగడ్తో పోటో తేల్చుకోలేక వీధి చివరి దాకా నడిచి వచ్చాను.

జూన్ 18

పిడుగు తొడల మధ్య ఎర్రగా కందింది. మా ఆవిడ డ్యూటీ మధ్యలో ఫోన్ చేస్తే చెప్పాను. వెంటనే కంట్రోల్ రూమ్ గొంతు వచ్చేసింది. ఎక్కడ. ఎంత మేర. పొక్కులున్నాయా. ముట్టుకుంటే ఏడుస్తోందా. ఇక అడ్రస్ అడుగుతుందేమో అనుకున్నాను.

అత్తగారి దగ్గర మూడు జవాబులున్నాయి. పళ్లు వస్తుండొచ్చు. నీళ్ల వల్ల కావచ్చు. సబ్బు సరిగ్గా పోకపోయి ఉండొచ్చు. మూడోది నాకూ నిజమనిపించింది. జాడింపు పెంచాను. లేత చర్మం కదా అని సాఫ్ట్‌నర్ కూడా పెంచాను.

జూన్ 20

పిల్లల డాక్టరు. ముగ్గురం వెళ్లాం. డాక్టరు నన్ను చూడలేదు. ఏమ్మా, పాపను తడిలో ఎక్కువసేపు ఉంచుతున్నారా అని మా ఆవిడని అడిగాడు. చూసుకునేది నేనండీ అన్నాను. మీరా అని, మళ్లీ ఆవిడ వైపే తిరిగి, తడిసిన వెంటనే మార్చాలమ్మా అన్నాడు. పూత మందు రాశాడు. గాలి తగలనివ్వమన్నాడు.

ఆటోలో అత్తగారు నోరు విప్పలేదు. ఆవిడ ఏమీ అనకపోతే నాకు ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

జూన్ 23

మారుస్తూనే ఉన్నాను. మార్చిన కాసేపటికి పక్కంతా తడి. నా చొక్కా తడి. అత్తగారు పగలు రెండుసార్లు చీర మార్చుకున్నారు. కవరు ఎలాస్టిక్ వదులైందని కుట్టు విప్పి బిగించి కుట్టాను. తడి ఆగలేదు. తొడ మీద ఎలాస్టిక్ అచ్చు ఒకటి అదనంగా పడింది.

మా ఆవిడ డ్యూటీ నుంచి రాగానే చేతులు కడుక్కుని, చెప్పులు కూడా విడవకుండా పిడుగుని విప్పి చూస్తోంది. నన్ను ఏమీ అడగదు. చూస్తుంది, కడుతుంది, చెప్పులు విడుస్తుంది. అమ్మ దగ్గరికి పంపడం గురించి ఇంకా మాట ఎత్తలేదు. ఎత్తబోతోందని తెలుస్తోంది.

జూన్ 25

డైయింగ్ మాస్టరు ఫోన్ చేశాడు. పాత మిల్లులో మా పక్క సెక్షన్, రంగుల వాడు. ఇప్పుడు ఇంకో మిల్లులో కుదిరాడు. అక్కడ ఫినిషింగ్‌కి మనిషి కావాలట. వెంటనే వచ్చెయ్ బావా అన్నాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు, మిల్లులో అందర్నీ బావా అనేవాడు.

పిడుగుని అత్తగారికి అప్పజెప్పి వెళ్లాను. గుడ్డ తెచ్చి చూపించారు, నలిపి చెప్పమన్నారు. చెప్పాను. ఫోన్ చేస్తామన్నారు.

తిరిగొచ్చేసరికి పిడుగు అత్తగారి ఒళ్లో నవ్వుతోంది. విప్పి చూశాను. ఎరుపు తగ్గింది. పూత మందు పని చేస్తోంది.

జూన్ 26, సాయంత్రం

మళ్లీ ఎర్రబడింది.

జూన్ 28

ఉదయం ఆ మిల్లుకే మళ్లీ వెళ్లాను. పాత సర్టిఫికెట్లు చూపించమన్నారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి చెత్తబుట్ట గుమ్మం బయట పెట్టడానికి తీస్తే, పేపర్లో చుట్టిన మూట ఒకటి జారింది. విప్పాను. ప్లాస్టిక్ డైపర్. వాడినది. బరువుగా ఉంది.

అత్తయ్యగారూ, ఇదేంటి అన్నాను.

ఆవిడ దాన్ని చూశారు, నన్ను చూశారు. మీరు లేనప్పుడు ఒకటి రెండు వేశానండీ అన్నారు. నేను మా ఆవిడ వచ్చేదాకా ఆగి ఉండాల్సింది. ఆగలేదు. గుడ్డ డైపర్లు ఉతికి ఉతికి నా చేతులు పుండ్లు పడుతుంటే, మీరు చాటుగా ప్లాస్టిక్ కడుతున్నారా, ఈ ర్యాష్ దీని వల్లే కదా, డాక్టరు ముందు నేను దోషిలా నిలబడ్డాను కదా అన్నాను. గొంతు పెరిగింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించి మధ్యలో ఆగింది. పైవాటా ఆవిడ.

మా ఆవిడ వచ్చాక మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. తను వాళ్లమ్మతో, ఎందుకమ్మా ఇలా చేశావు, వేయాలనుకుంటే చెప్పి వేయొచ్చు కదా అంది. దేనికైనా జవాబు ఉండే మనిషి ఆవిడ. అల్లుడుగారు అలా అనుకుంటే అలాగే అన్నారు. సూట్‌కేసు సర్దుకున్నారు.

జూన్ 29

పొద్దున రైలుకి వెళ్లిపోయారు. స్టేషన్‌కి వస్తానంటే, పాప నిద్ర చెడుతుంది, వద్దండీ అన్నారు.

టీ తాగుతూ మా ఆవిడ, నేనే అనవసరంగా నిన్ను అనుమానించాను అంది. పిడుగు ఎక్కడికీ వెళ్లదు, నువ్వే చూసుకో అంది.

కోరుకున్నది ఇదే. కూర్చోలేకపోయాను. ఉతికిన ప్యాడ్లు మళ్లీ మడత పెట్టాను.

జూలై 2

చర్మం చిట్లింది. నీళ్లు తగిలితే పిడుగు ఊపిరి బిగబట్టి ఏడుస్తోంది, ఏడుపు బయటికి రావడానికి ఒక క్షణం పడుతోంది. ఆ క్షణం భరించలేకపోతున్నాను.

ఇంట్లో ప్లాస్టిక్ డైపర్ లేదు. అత్తగారు లేరు. ర్యాష్ ఉంది.

జూలై 3, మధ్యాహ్నం

డైయింగ్ మాస్టరు ఫోన్ చేశాడు. ఉద్యోగం కుర్రాడెవడికో ఇచ్చారట, ఏమనుకోకు బావా అన్నాడు. ఏమనుకోవడానికీ టైం ఇవ్వకుండా తన గోడు ఎత్తుకున్నాడు. నేత వాళ్లు గంజి సరిగ్గా పోగొట్టకుండా గుడ్డ పంపారట. రంగు ఎక్కడం లేదట. నీటి చుక్క వేసి చూశాను బావా, తామరాకు మీద బొట్టే, అలా కూర్చుంది, తాగితేగా అన్నాడు.

నేను ఏదో అని పెట్టేశాను.

గుడ్డ నీళ్లు తాగుతుందా లేదా అని రంగు వేసే ముందు చూస్తారు. బిగించి పట్టి ఒక చుక్క వేస్తారు. అది వాళ్ల సెక్షన్ పని. మా దగ్గరికి వచ్చేసరికి గుడ్డ తాగాల్సింది తాగేసి ఉంటుంది. మేం చూసేది చేతికి ఎలా ఉందనే. చొక్కా గుడ్డ తాగాల్సిన పని లేదు.

గ్లాసు మూతికి ప్యాడ్ బిగించి రబ్బరు బ్యాండు వేశాను. వేలితో ఒక చుక్క వదిలాను. గుండ్రంగా నిలబడింది. గ్లాసు వంచితే జారి నేల మీద పడింది. ఇంకో ప్యాడ్. ఇంకోటి. పిడుగు పుట్టినప్పుడు ఆస్పత్రికి పట్టుకెళ్లిన బ్యాగులో, ఎప్పుడూ వాడని ప్యాడ్ ఒకటి మిగిలి ఉంది. దాని మీద వేశాను. చుక్క కనబడలేదు. తాగేసింది.

క్యాను తీసిన రోజు నుంచీ నేను నా కూతురికి కట్టింది తడిని పీల్చే గుడ్డ కాదు. తడిని చర్మం మీదే నిలబెట్టే గుడ్డ. ఎంత మెత్తగా చేస్తే అంత తాగకుండా చేశాను. ర్యాష్ వచ్చినకొద్దీ ఇంకా మెత్తగా చేశాను.

అత్తగారి చీర ఎందుకు తడిసేదో ఇప్పుడు తెలిసింది.

జూలై 3, సాయంత్రం 5

మా ఆవిడ వచ్చింది. చెప్పలేదు. చెప్పబోయాను, తను ఫోన్‌లో ఉంది. ఫోన్ అయ్యాక కూడా చెప్పలేదు. పిడుగుని ఏమీ కట్టకుండా గాలికి పడుకోబెట్టాను. మంచి పని చేశావు అంది.

జూలై 4

మాస్టరుకి ఫోన్ చేసి, గుడ్డకు పట్టిన జిడ్డు ఎలా వదులుతుందని అడిగాను. ఎందుకన్నాడు. ఊరికే అన్నాను. చాకలి సోడా వేసి కాచు, వదిలేదాకా కాస్తూనే ఉండు అన్నాడు. పెద్ద గిన్నెలో వేసి కాచాను. నీళ్ల మీద తెట్టు కట్టింది. పారబోసి మళ్లీ కాచాను. పొద్దంతా అదే పని. ఒక్కో ప్యాడ్‌కీ చుక్క వేసి చూశాను. తాగేవి ఒక పక్క, తాగనివి మళ్లీ గిన్నెలోకి. క్యాను మూత బిగించి పాతసామాన్ల వాడికి ఇచ్చేశాను. ఇందులో ఏముంది సార్ అన్నాడు. గుడ్డలకు పోసేది అన్నాను. మంచిదేనా అన్నాడు. ప్యాంట్లకు మంచిదే అన్నాను.

ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు.

జూలై 6

ఎరుపు తగ్గింది. చిట్లిన చోట పొర కడుతోంది. మా ఆవిడ చెప్పులు విడిచాకే పిడుగు దగ్గరికి వచ్చింది. విప్పి చూసి, చూశావా, అమ్మ వెళ్లాకే తగ్గింది అంది. ఎంతైనా అమ్మ అలా చాటుగా చేయకుండా ఉండాల్సింది, పాపం ఇది ఎంత ఏడ్చింది అంది. రేపు అమ్మకి ఫోన్ చేసి గట్టిగా చెప్తాను అంది.

అప్పుడు చెప్పాను.

గ్లాసు తెచ్చాను. కాచకుండా ఒకటి ఉంచాను, అది బిగించి చుక్క వేశాను. తను వంగి చూసింది. కంట్రోల్ రూమ్ గొంతుతో అడిగింది. ఎప్పటి నుంచి. ఎంత పోశావు. ర్యాష్ వచ్చాక కూడా పోశావా. ఎప్పుడు తెలిసింది. అన్నిటికీ జవాబు చెప్పాను. ఆఖరి దానికి, మూడో తేదీ మధ్యాహ్నం అన్నాను.

అప్పుడు మాత్రం అది మా ఆవిడ గొంతే. మూడు రోజుల నుంచి నా ముందు టీ తాగుతూ కూర్చున్నావా అంది.

జూలై 7

అత్తగారికి నేనే ఫోన్ చేశాను. మా ఆవిడ పక్కనే నిలబడింది. మొత్తం చెప్పాను. క్షమించమన్నాను.

తర్వాత ఆవిడ అన్నారు, వచ్చిన మర్నాడే నా ఒడి తడిసిందండీ. ఆ ప్యాడ్ తీసి పిండితే చుక్క రాలేదు, పైపైనే కారిపోయింది. మీరేమో దాన్ని మడతలు పెడుతూ అంత మురిసిపోతున్నారు. ఉద్యోగం పోయి ఉన్న మనిషి. మీ చేతి గుడ్డ బాగాలేదని మీ ముఖం మీద ఎలా అనేది. అందుకని మీరు బయటికి వెళ్లినప్పుడు ప్లాస్టిక్‌ది వేశాను.

పాలసీసాల గురించి అన్నారు కదా అత్తయ్యగారూ అన్నాను. సీసాలు తోమడం మీ వృత్తి కాదు కదండీ అన్నారు.

మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. అమ్మా, వచ్చి పిడుగుని తీసుకెళ్లు అంది. నేను విన్నానని తనకు తెలుసు. నా కళ్లలోకి చూస్తూనే అంది.

జూలై 8

మాట్లాడాను. ఇప్పుడు కారణం తెలిసింది కదా, గుడ్డలు బాగయ్యాయి కదా అన్నాను. గుడ్డల సంగతి కాదు అంది. తెలియక చేసింది నాకు పట్టింపు లేదు, తెలిశాక మూడు రోజులు ఊరుకున్నావు, ఆ మూడు రోజులూ నేను మా అమ్మని తిట్టుకుంటూ పని చేశాను, ఇక అక్కడ హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడల్లా నువ్వు చెప్పనిది ఏముందా అనిపిస్తుంది, పిడుగుని కొన్నాళ్లు అమ్మ దగ్గర ఉండనీ అంది.

ఎన్నాళ్లు అని అడగలేదు.

జూలై 10

అత్తగారు వచ్చారు. మధ్యాహ్నం రైలుకే తిరుగు ప్రయాణం. కాచిన ప్యాడ్లన్నీ సంచిలో పెట్టి ఇచ్చాను. ప్లాస్టిక్‌వి కూడా ఒక ప్యాకెట్ కొని పెట్టాను. ఆవిడ ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టేసి, సంచి భుజాన వేసుకున్నారు. బరకగా ఉన్నాయండీ అన్నాను. ఉండనివ్వండి, పని చేస్తాయి అన్నారు. జాడింపు ఎన్నిసార్లు, ఎండలోనా నీడలోనా అని అడిగారు. చెప్పాను. శ్రద్ధగా విన్నారు. వెక్కిరింపు కోసం ఎదురుచూశాను. రాలేదు.

స్టేషన్‌కి ఈసారి రమ్మన్నారు. పిడుగుని నేనే ఎత్తుకున్నాను. రైలు కదిలే ముందు ఆవిడ చేతులు చాపారు. ఇచ్చేటప్పుడు పిడుగు నా చొక్కా బొత్తం పట్టుకుని వదల్లేదు. ఆవిడే వేళ్లు ఒక్కోటీ విడదీశారు. ఆదివారం ఆదివారం రండి, మీ అమ్మాయి ఇక్కడ ఉన్నా మీ అమ్మాయే అన్నారు.

ఇంటికి నడిచే వచ్చాను. మా ఆవిడ డ్యూటీలో ఉంది. మెట్ల దగ్గర పైవాటా ఆవిడ, ఏమండీ, ఈ రోజు తీగ ఖాళీగా ఉందేం అంది.

జూలై 11

ఉతకడానికి ఏమీ లేదు. బకెట్ నింపాను.